ఎనిమిది ముక్కల గొడుగు

మే 4

పిన్నికి,

ఇది క్షేమసమాచారాల ఉత్తరం కాదు, బేరం. కాబట్టి కళ్ళజోడు పెట్టుకుని చదువు. ఆ అద్దాలు నా చేత్తో అరగదీసి పంపాను కదా, నువ్వేమో అరిగిపోతాయని డబ్బాలో దాస్తున్నావట. బాబాయి చెప్పాడు.

మా వీధిలో ఏటా ఒక పండగ జరుగుతుంది. వచ్చే నెల మూడో వారంలో సోమవారం సెలవు కలిసొచ్చి మూడు రోజులు. వీధికి రెండు వైపులా అడ్డం కట్టేసి బళ్ళు ఆపేస్తారు. పాటలు, అంగళ్ళు, ఆదివారం పొద్దున ఊరేగింపు. పోయిన ఏడు వానకి అందరం తడిసి ముద్దయ్యాం. అందుకని ఈసారి ముందు వరసలో నడిచేవాళ్ళకి రంగుల గొడుగులు చేయిద్దామని కమిటీలో అనుకున్నారు. మా పిన్నీ బాబాయిలది గొడుగుల కొట్టే అని నేను నోరు జారాను. ఇప్పుడు నలభై గొడుగులు కావాలి. ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా. ఈ వరసే ఉండాలి, తారుమారు చెయ్యకు.

ఫోన్ చేద్దామంటే నీ చెవి సంగతి తెలిసిందే. నలభై అంటే పద్నాలుగు అని వింటావు, తర్వాత నన్నే తిడతావు.

నాతో ఉండే ఆమె బాగానే ఉంది. అంబులెన్స్ డ్యూటీలు మారుస్తున్నారు, వేళకి తిండి లేదు. నీ మోకాలికి పక్క పేజీలో తనే ఏదో బొమ్మ వేసింది, అలా కాలు చాపి వంచాలట. చెయ్యి, సాకులు చెప్పకు.

నీ
చిట్టెలుక


మే 11

చిట్టెలుకా,

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నీకు ఆ సామెత బాగా వంటబట్టింది. అడగాల్సి వస్తేనే ఉత్తరం రాస్తావు.

మా అక్క పోయాక నిన్ను ఈ కొట్టులోనే పెంచాను. గొడుగు గుడ్డల కిందే పడుకుని నిద్రపోయేదానివి. అయినా గొడుగుకి ఎన్ని ముక్కలుంటాయో తెలియకుండా పెరిగావంటే ఆ పెంపకం నాదే, ఎవర్ననుకుని ఏం లాభం. ఎనిమిది కమ్మీలు, ఎనిమిది ముక్కలు. నువ్వు రాసింది ఆరు రంగులు. మిగతా రెండూ ఆకాశానికి వదిలెయ్యనా?

మీ బాబాయి ఆరు కమ్మీలతోనే చేసేద్దామంటాడు. దాన్ని గొడుగనరు, గిన్నె మూత అంటారన్నాను. వినడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాణ్ణి చూశాం, ఈయన గొడుక్కి ఆరే కాళ్ళంటాడు. ఇనప పని ఆయనదే కావచ్చు, కుట్టేది నేను. నా మాటే చెల్లుతుంది.

ఇంతకీ అదేం పండగ? ఏదైనా కంపెనీ వాళ్ళ ప్రచారమా? రాయలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ అంబులెన్సమ్మాయి వేసిన బొమ్మ చూసి కాలు వంచుతున్నాను, నొప్పి తగ్గింది. ఎవరి పిల్లో, నా మోకాలి గురించి అక్కడ కూర్చుని ఆలోచించింది. నా కొడుకు, మీ అన్నయ్య, గార్డు ఉద్యోగమంటూ ఆ గూడ్సుబండి వెనకపెట్టెలో పచ్చజెండా ఊపుకుంటూ ఎన్నాళ్ళు ఒంటరిగా తిరుగుతాడు? నాకొక మాట తోచింది. ఆ పిల్లని మనింటికి తెచ్చుకుందాం. నీకు వదినవుతుంది. మీ ఇద్దరికీ ఎలాగూ పొత్తు కుదిరింది, చుట్టరికం కూడా కలిస్తే ఇక విడిపోవడమంటూ ఉండదు. నీకు ఇష్టమైతే మెల్లగా ఆమె చెవిన వెయ్యి. మీ అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. ఆలు లేదు చూలు లేదు అని మీ బాబాయి నవ్వుతున్నాడు, నవ్వనీ.

నీ పిన్ని


మే 17

పిన్నీ,

ఆ మాట ఇంకెవరితోనూ అనకు. అన్నయ్యతో అసలే వద్దు. ఆమెకి ఇదివరకే కుదిరిపోయింది. చాలా కాలమైంది. నేను నీకు చెప్పలేదు, అంతే.

మిగతా రెండు ముక్కలూ నీ ఇష్టం.

మా కళ్ళద్దాల కొట్లో పనెక్కువగా ఉంది. ఒకాయన కళ్ళజోడు మీద కూర్చుని, చూపు మందగించిందని గొడవకొచ్చాడు. తర్వాత వివరంగా రాస్తాను.

చిట్టెలుక


మే 25

చిట్టెలుకా,

నాలుగు ముక్కలు రాసి ఉత్తరం అంటావేమిటే. నువ్వు తక్కువ మాట్లాడావంటే ఏదో మింగుతున్నావని అర్థం. చిన్నప్పుడు గుండీ మింగినప్పుడూ ఇంతే.

నాకు అర్థమైందిలే. ఆ పిల్లకి పెళ్ళి కుదిరింది, వెళ్ళిపోతుంది, నువ్వు ఆ ఇంట్లో ఒక్కదానివే మిగులుతావు. అదే కదా నీ దిగులు. ఇంత స్నేహంగా ఉండి, నిన్ను ఒక్కదాన్నీ వదిలి వెళ్ళిపోతుందంటే నాకూ మనసు చివుక్కుమంది. పోనీలే, ఎవరి బతుకు వాళ్ళది.

నేనొక నిర్ణయానికి వచ్చాను. గొడుగులు లారీలో వెయ్యను. మీ పండగ సెలవులకి మేమిద్దరమే పట్టుకుని వస్తాం. నీకు సరిపోయే చిన్న ఇల్లు చూసి, సామాన్లు సర్దించి వస్తాను. లేదా పద, మా దగ్గరికే వచ్చెయ్. ఈ ఊళ్ళోనూ జనానికి చూపు తగ్గుతోంది, కళ్ళద్దాల కొట్టు పెట్టుకోవచ్చు. ఆ చేసుకోబోయేవాణ్ణి కూడా నాకోసారి చూపించు. ఎలాంటివాడో నేను తేలుస్తాను.

గొడుగుల్లో ఆ రెండు ముక్కల సంగతీ తేల్చేశాను. వచ్చినప్పుడు చూద్దువుగాని.

దిగులు పడకు. నేనున్నాను.

నీ పిన్ని


జూన్ 1

పిన్నీ,

నీ ఉత్తరం తను డ్యూటీకి వెళ్ళాక చదివాను. వంటింట్లో నేల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. 'నేనున్నాను' అన్నావు కదా, అందుకు. ఇది చదివాక కూడా ఉంటావో లేదో నాకు తెలీదు.

ఆమెకి కుదిరింది నాతోనే.

స్నేహం కాదు పిన్నీ. నువ్వూ బాబాయీ ఎలాగో మేమూ అలాగే. నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నది అద్దె కలిసొస్తుందని కాదు. ఎవరూ వెళ్ళిపోవడం లేదు. నువ్వు చిన్న ఇల్లు చూడక్కర్లేదు. ఆమెని మనింటికి తెచ్చుకుందామన్నావు చూడు, ఆ మాట చదివి ఇద్దరం నవ్వాం. నవ్వాక తను అంది, 'మీ పిన్ని నన్ను అడిగింది, నువ్వు ఇంకా ఆవిణ్ణి ఏమీ అడగలేదు' అని. నిజమే. అందుకే రాస్తున్నాను.

పండగ ఏమిటని అడిగావు. దాన్ని ప్రైడ్ అంటారు. ఆడవాళ్ళని ప్రేమించే నాలాంటి ఆడవాళ్ళు, మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళు, పుట్టినప్పుడు ఆడ అనో మగ అనో వేసిన ముద్ర తమకి నప్పనివాళ్ళు, వాళ్ళ అమ్మలు, అన్నదమ్ములు, స్నేహితులు, అందరూ పట్టపగలు నడివీధిలో నడుస్తారు. ఏడాదంతా పక్కవాడు ఏమనుకుంటాడో అని చేతులు జేబులో పెట్టుకుని తిరిగేవాళ్ళం, ఆ మూడు రోజులూ చేతులు పట్టుకుని తిరుగుతాం. ఆ రంగులు మా జెండావి. నువ్వు కుట్టిన గొడుగు కింద నడవాలని నాకు ఆశ. అందుకే కమిటీలో ఆ మాట ఎత్తాను. నోరు జారలేదు.

నువ్వు రావద్దనుకుంటే రాకు. నా మొహం చూడకపోయినా నీ కళ్ళజోడుకి అద్దాలు పంపుతూనే ఉంటాను. నాకు కావలసింది ఒక్కటే. కొట్టుకి వచ్చినవాళ్ళు 'మీ అమ్మాయి ఎలా ఉంది, ఎవరితో ఉంటోంది' అని అడుగుతారు కదా. అప్పుడు మాట మార్చకు. నన్ను ఏదో రోగంలా దాచకు. అంత మాత్రం చెయ్యగలవా?

చిట్టెలుక


జూన్ 12

పిన్నికి,

గొడుగులు లారీలో వచ్చాయి. మీరు రావడం లేదని అలా తెలిసింది. పెట్టె అడుగుదాకా తీసి చూశాను, ఒక చీటీ అయినా ఉంటుందేమోనని. లేదు.

ఒకటి విప్పాను. ఆరు రంగులూ నేను చెప్పిన వరసలోనే ఉన్నాయి. మిగతా రెండూ నల్లగుడ్డ. ఇటొకటి, అటొకటి. నలభైటికీ అంతే.

నీకు చెప్పాలనుకున్నది గుడ్డతో చెప్పావు. నాకు అర్థమైంది. ఇంట్లో ఎవరో పోయినట్టే కదా. తను ఒప్పుకోవడం లేదు, గొడుక్కి నలుపు కాక ఇంకేం వేస్తారంటోంది. తనకి నువ్వెవరో తెలీదు. నువ్వు ఊరికే ఏదీ కుట్టవు.

అయినా ఇవే పట్టుకుని నడుస్తాం. కుట్టు చాలా బాగుంది.

చిట్టెలుక


జూన్ 16

ఒసే మొద్దూ,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుందట, నీలాంటిదే. ఆ గొడుగులు కుట్టడం అయ్యేసరికి నీ పెద్ద ఉత్తరం ఇంకా టపాలోనే ఉంది. నాకేమీ తెలియకముందు వేసిన నలుపు అది. అయినా గొడుక్కి మడిచాక పట్టీ బిగించే ముక్క ఒకటుంటుంది. రోజూ బొత్తాం అక్కడే పెడతాం, చెయ్యి అక్కడే తగులుతుంది, ముందు చిరిగేదీ అదే. దానికి మందమైన గుడ్డ వెయ్యాలి. మందం గుడ్డ మా దగ్గర నలుపులోనే ఉంది. ఒక పక్కే వేస్తే గొడుగు అటు లాగుతుంది కాబట్టి ఎదురుగా ఇంకోటి వేశాను. మీ పండగ గొడుగులు నాలుగు కాలాలు నిలవాలని వేశానే తల్లీ, నీకు నీళ్ళు వదలడానికి కాదు. ఆ అంబులెన్సమ్మాయికి ఉన్న తెలివిలో సగం నీకుంటే బాగుండేది.

ఇక చీటీ ఎందుకు పెట్టలేదంటే, ఏం రాయాలో తెలియక. పెన్ను తీయడం, మూత పెట్టడం. అబద్ధం చెప్పను. నాకు నచ్చలేదు. నువ్వు చెడ్డపని చేశావని కాదు. నీ గురించి నేనేదో ఊహించుకుంటూ వచ్చాను, అది ఒక్కసారిగా కూలిపోతే ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. ఏడ్చాను కూడా. మీ బాబాయి ఉత్తరం రెండుసార్లు చదివి, మడత పెట్టి, మళ్ళీ కమ్మీలు వంచుకుంటూ కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు. ఆయన అనకపోతే నాకు ఇంకా భయం.

నీ మీద ప్రేమ తగ్గిందేమోనని వెతుక్కున్నాను. తగ్గలేదు. అది మాత్రం నమ్ము. నన్ను వదిలేస్తావా అన్నట్టు రాశావు చూడు, అందుకు నీ చెవి మెలేస్తాను.

కానీ నువ్వు అడిగినదానికి మాట ఇవ్వలేను. ఈ వీధి నీకు తెలుసు. ఎదురుగా మందుల షాపావిడ రోజుకోసారి నీ గురించి అడుగుతుంది. నిన్నా అడిగింది. 'బాగుందండీ' అని, వానల సంగతి ఎత్తాను. మాట మార్చేశాను. వద్దన్నదే చేశాను. నోరు దానంతటదే తిరిగింది. ఇలాంటిదాన్ని అక్కడికొచ్చి మీ మధ్య ఏ మొహంతో నడవను? ఈ ఏడు రాలేను. మీ బాబాయి ఎటూ రాడు. కమ్మీలు అయిపోయాయి, ఆ సెలవుల్లో పట్నం వెళ్ళి తెస్తానంటున్నాడు.

జాగ్రత్తగా నడవండి. గాలి వస్తే గొడుగు గాలికి ఎదురు పట్టాలి, వెనక్కి కాదు. అందరికీ చెప్పు.

నీ పిన్ని


జూన్ 24

పిన్నీ,

ముందు ఒకటి చెప్పు. బాబాయి ఇంటికొచ్చేటప్పుడు కమ్మీలు తెచ్చాడా? తెచ్చి ఉండడు. సెలవురోజుల్లో కమ్మీల కొట్లు తీయరని నీకెందుకు తట్టలేదు?

ఆదివారం పొద్దున ఊరేగింపు మొదలైంది. నీ నలభై గొడుగులూ ముందు వరసలో. ఎంత బాగున్నాయంటే, మేడల మీద నుంచి జనం కేకలేసి చెయ్యి ఊపారు. ఆ నల్లముక్కల పక్కన రంగులు ఇంకా బాగా కనపడ్డాయి. పెద్దరోడ్డు మలుపు దగ్గర ఒక్కసారి గాలి లేచింది. గాలికి ఎదురు పట్టమని నేను అరుస్తూనే ఉన్నాను, ఎవరు వింటారు, డప్పుల హోరు. గొడుగులు టపటపా తిరగబడ్డాయి. నేను తల పట్టుకున్నాను.

అంతలో మూసి ఉన్న బ్యాంకు మెట్ల మీద ఎవరో కూర్చుని ఒక గొడుగు సరిచేస్తున్నారు. ఒళ్ళో సంచీ, చేతిలో పట్టకారు. చుట్టూ అప్పుడే వరస కట్టారు. దగ్గరికి వెళ్తే తల ఎత్తకుండానే 'మీ పిన్ని కుట్టు ఒక్కటీ చెదరలేదు, నా కమ్మీలే వంగాయి' అన్నాడు. అంతే, ఇంకేమీ లేదు. ఎప్పుడొచ్చావంటే చెప్పలేదు, ఏడుస్తుంటే పట్టించుకోలేదు, 'ఆ గొడుగు ఇలా పట్టుకో' అన్నాడు. పట్టుకున్నాను.

ఇద్దరు ముసలాయనలు తమ గొడుగు ఇచ్చారు. ఎన్నేళ్ళుగా కలిసి ఉంటున్నారని బాబాయే అడిగాడు. నమ్ముతావా? ముప్పై ఐదేళ్ళన్నారు. బాబాయి 'మాకు ముప్పై ఒకటే. మీరే సీనియర్లు' అని, వాళ్ళది ముందు చేసిచ్చాడు. మీరెవరి తాలూకని వాళ్ళడిగితే పట్టకారుతో నన్ను చూపించాడు.

వీధి చివర తన అంబులెన్స్ ఆగి ఉంది, పండగ డ్యూటీ. మధ్యాహ్నం తీసుకెళ్ళి చూపించాను. బాబాయి బండి చుట్టూ ఒకసారి తిరిగి, సైరన్ ఓసారి మోగించనిస్తావా అని అడిగాడు. ప్రాణం మీదికొచ్చినవాళ్ళకే అది, మీరైనా కుదరదండీ అంది. ఆయనకి కోపమొస్తుందనుకున్నాను. బాబాయేమో తల ఊపి, 'మంచిది. నియమం ఉన్న పిల్ల' అన్నాడు. ముందు సీట్లో కూర్చోబెడితే మాత్రం చాలాసేపు దిగలేదు.

ఆ బండి ముందు తీసిన ఫోటో పంపుతున్నాను. మధ్యలో బాబాయి, అటూ ఇటూ మేము. ఆయన్ని ఏమీ అనకు. నువ్వు రాలేనన్నదానికి నాకు కోపం లేదు. మాట మార్చానని నాకు నిజం రాశావు చూడు, ఆ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను.

నీ
చిట్టెలుక


జూలై 3

చిట్టెలుకా,

కమ్మీలు ఏవని అడిగితే, 'దొరకలేదు' అన్నాడే ఆ మహానుభావుడు. నీ ఉత్తరం వచ్చేదాకా నాకు అనుమానమైనా రాలేదు. చదివాక ఆ పూట వంట చెయ్యలేదు. నన్ను వదిలేసి ఒక్కడే వెళ్తాడా? నేను రానన్నాను కానీ, ఆయన వెళ్తానంటే నేను మానేదాన్నా? ఆ మాటే అన్నాను. 'నువ్వు వస్తే నేను మాట్లాడక్కర్లేదు, అందుకే' అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన అన్న పెద్ద మాట అది.

అన్నయ్యకి చెప్పాను. 'అయితే నాకు చూసిన పిల్లని చెల్లెలు ఎగరేసుకుపోయిందన్నమాట' అని ఒకటే నవ్వు. వాడికి సిగ్గూ లేదు, బాధా లేదు.

నాకు పట్టుకున్న బెంగ వేరు. ఆ పిల్లని ఏ వరసన పిలవాలి? అంబులెన్సమ్మాయి, అంబులెన్సమ్మాయి అని ఎన్నాళ్ళంటాను, ఆపద వచ్చినట్టు. కూతురనమన్నాడు మీ బాబాయి. కూతురంటే మీరిద్దరూ అక్కచెల్లెళ్ళు కారూ, నోరు ముయ్యండన్నాను. అల్లుడు అందామంటే అలగడం నేర్చుకుంటుంది, ఆ ముచ్చట్లు తీర్చే ఓపిక నాకు లేదు. కోడలంటే నువ్వు కొడుకువి కావాలి. కాకపోతే ఏం, నా కొడుక్కంటే నువ్వే నా మాట ఎక్కువ జవదాటావు. ఆ లెక్కన కోడలే సరిపోతుంది. ఆమెకి అభ్యంతరం ఉందేమో అడిగి రాయి.

ఫోటో కొట్టులో పెట్టాను. లోపలింట్లో కాదు, ముందు, గల్లాపెట్టె పైన గోడకి. పెట్టానే కానీ రెండుసార్లు తీసేద్దామని లేచాను. లేచినప్పుడల్లా మీ బాబాయి దగ్గాడు.

నిన్న మందుల షాపావిడ గొడుగు పిడి ఊడిందని వచ్చింది. కూర్చుని, ఫోటో చూసి, బండి దగ్గర ఆ యూనిఫాం అమ్మాయి ఎవరండీ అంది. వానలు ఈ ఏడు తొందరగా వచ్చాయి కదండీ అనే మాట నాలిక చివరదాకా వచ్చింది, నిజం. మింగేశాను.

'మా కోడలు. అంబులెన్స్ నడుపుతుంది' అన్నాను.

'అయ్యో, మీవాడికి పెళ్ళయిందా, మాట మాత్రం చెప్పలేదే' అంది.

మీ బాబాయి చేతిలో సుత్తి ఆగిపోయింది.

'వాడికి కాలేదండీ' అన్నాను. 'మా అమ్మాయికి.'

ఆవిడ నన్ను చూసింది, ఫోటోని చూసింది. పిడి గట్టిగా బిగించారా అని అడిగి, గొడుగు తీసుకుని వెళ్ళింది. మళ్ళీ వస్తుందో రాదో. ఈపాటికి వీధంతా తెలిసి ఉంటుంది. తెలియనీ.

ఇట్లు,
నీ పిన్ని, ఆమె అత్తయ్య